సందక్‌ఫు, అన్నపూర్ణ, మార్ఖా: కొండల్లో పరుగు యాత్రకు ఏది ఎంచుకోవాలి?

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అయిపోతుంది. ఫ్లైఓవర్లు ఎక్కి దిగిన పిక్కల నొప్పి తగ్గకముందే మా రన్నింగ్ గ్రూపులో ఎవరో ఒకరు మొదలుపెడతారు: "ఈసారి హిమాలయాల్లో పరుగెత్తే ట్రిప్ ఏదైనా చూద్దామా?" ఇక ఫోటోలు, రేట్లు, లీవు లెక్కలు. ఎక్కడ అందంగా ఉంటుంది, ఎంత అవుతుంది, ఎన్ని కిలోమీటర్లు అని అందరూ అడుగుతారు. రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం అని మాత్రం ఎవరూ అడగరు.

మొదటిసారి నేనూ అడగలేదు. లేహ్‌లో విమానం దిగిన మర్నాడు పొద్దున్నే, ఒంట్లో బాగానే ఉంది కదా అని, శాంతి స్తూపం వైపు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తాను. మమ్మల్ని తీసుకెళ్లినవాళ్లు ఇచ్చిన షెడ్యూల్‌లోనే "రెండో రోజు: తేలికపాటి పరుగు" అని ఉంది మరి. సాయంత్రానికి తలలో రోకలితో దంచుతున్నట్టు నొప్పి, రెండు వాంతులు, ఆ పైన రెండు రోజులు మంచం. మిగతా గ్రూపు లోయలోకి వెళ్లిపోయింది, నేను హోటల్ కిటికీలోంచి స్టోక్ కొండలు చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి ఏ ట్రిప్ కాగితం చేతికొచ్చినా ముందు నిద్రపోయే ఊళ్ల ఎత్తులే చూస్తాను. ఈ పోలిక కూడా అలా రాసిందే.

గైడ్‌తో వెళ్లే పరుగు యాత్ర అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెద్ద బ్యాగు పోర్టర్ మీదో, కంచరగాడిద మీదో, జీపులోనో వెళుతుంది. మీ వీపు మీద నీళ్లు, జాకెట్, తిండి పట్టే చిన్న రన్నింగ్ వెస్ట్ మాత్రమే ఉంటుంది. ముందు ఒక గైడ్, వెనక ఒక గైడ్. రోజుకు పదిహేను నుంచి పాతిక కిలోమీటర్లు, సాయంత్రానికి ఏదో ఒక ఊళ్లో లాడ్జి. రోజంతా పరుగే అనుకుంటే మాత్రం నిరాశ తప్పదు. చదునులో, దిగుడులో పరుగు, ఎక్కుడులో నడక. నాలుగు వేల మీటర్లు దాటాక ఎక్కుడులో పరుగెత్తే మైదాన ప్రాంతం వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ముందు ఎత్తు సంగతి

పైకి వెళితే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా ఇంచుమించు 21 దగ్గరే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. 3,500 మీటర్ల దగ్గర అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండొంతులు. 5,400 దగ్గర దాదాపు సగం. అంటే ఒక్కో శ్వాసకు అందే సరుకు సగమే. పరుగు సామర్థ్యం 1,500 మీటర్లు దాటినప్పటినుంచి ప్రతి వంద మీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున పడిపోతూ వస్తుందని ఒక మోటు లెక్క. మీరు కిలోమీటరుకు ఆరు నిమిషాల మనిషైనా సరే, అక్కడ వాచీలో పేస్ చూసుకోవడం దండగ. నేను వాడే కొలత వేరు: పక్కవాడితో ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలిగితే పరుగు, చెప్పలేకపోతే నడక.

పరుగెత్తేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. లేహ్‌లో నన్ను పడేసింది ఎత్తు జబ్బే, ఫిట్‌నెస్ దాన్నుంచి కాపాడదు. పైగా ముంచుతుంది, ఎందుకంటే కాళ్లకు శక్తి ఉంది కాబట్టి నడిచేవాడు రెండు రోజుల్లో ఎక్కే ఎత్తు మనం ఒక్క పూటలో ఎక్కేస్తాం. శరీరం అలవాటు పడటానికి కావలసింది కండ కాదు, రాత్రులు. కొండ వైద్యులు చెప్పే నియమం సులువైనదే: మూడు వేల మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటికంటే మర్నాటి రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. పగలు ఎంత పైకి వెళ్లొచ్చినా ఫరవాలేదు, నిద్రకు కిందికి దిగితే చాలు.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి వేసుకోమంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. వేళ్ల చివర్లు జిల్లుమంటాయి, మూత్రానికి పదేపదే లేవాలి. చలిలో అర్ధరాత్రి స్లీపింగ్ బ్యాగు జిప్పు తీసి బయటికి వెళ్లే బాధ అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆ మాత్ర అలవాటును తొందరపెడుతుంది తప్ప, తప్పుడు షెడ్యూల్‌ను ఒప్పుగా మార్చదు.

ఇప్పుడు మూడు దారులు.

సందక్‌ఫు: తొలిసారి వెళ్లేవాళ్లకు

డార్జిలింగ్ దగ్గర మానేభంజాంగ్ నుంచి మొదలై, భారత్–నేపాల్ సరిహద్దు మీదుగా సాగే సింగలీలా కొండల వరస ఇది. దారి ఎంతగా సరిహద్దు మీద ఉంటుందంటే, ఉదయం టీ నేపాల్‌లో తాగి, పక్కన నాలుగు అడుగులు వేసి ఇండియాలో బూటు లేసులు కట్టుకుంటారు. సందక్‌ఫు ఎత్తు 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్ మొత్తంలో అదే ఎత్తైన చోటు. ఆకాశం తేటగా ఉన్న పొద్దున అక్కడ నిలబడితే ప్రపంచంలోని మొదటి అయిదు శిఖరాల్లో నాలుగు కనిపిస్తాయి: ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు. కాంచన్‌జంగ వరస పడుకున్న మనిషిలా ఉంటుంది, నిద్రపోతున్న బుద్ధుడంటారు అక్కడివాళ్లు.

రాత్రుల లెక్క చూడండి. మొదటి రాత్రి తుమ్లింగ్, మూడు వేలకు కాస్త తక్కువ. రెండో రాత్రి కాలిపోఖ్రి, 3,100 దగ్గర. మూడో రాత్రి సందక్‌ఫు. నియమం ఎక్కడా పెద్దగా తప్పదు. ఒకవేళ ఒంట్లో బాగాలేకపోతే జీపు దారి ఉంది, కిందికి దించేస్తారు. మొదటిసారి ఎత్తుకు వెళ్లేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం చాలు.

ఆ జీపు దారే దీని లోపం కూడా. మానేభంజాంగ్ నుంచి సందక్‌ఫు దాకా సుమారు 31 కి.మీ., అందులో కొంత రాళ్లు పేర్చిన రోడ్డు, కొంత కాంక్రీటు. పాతకాలపు ల్యాండ్‌రోవర్లు గర్జిస్తూ పక్కనుంచి పోతుంటాయి. "కొండల్లో పరుగెత్తడానికి ఇంత దూరం వచ్చి రోడ్డెక్కామా" అని మొదటి మూడు రోజులూ విసుగు పుడుతుంది. ఓర్చుకోండి. సందక్‌ఫు నుంచి ఫాలుట్ దాకా 21 కి.మీ. గట్టు మీద పరుగు ఉంది చూడండి, దానికోసం ఆ మూడు రోజులూ క్షమించవచ్చు. గడ్డి నేల, మెల్లగా ఎక్కి మెల్లగా దిగే దారి, ఎడమన నేపాల్ లోయలు, ఎదురుగా కాంచన్‌జంగ. ఈ వ్యాసంలోని మూడు దారుల్లోనూ నిజంగా పరుగు అనిపించుకునే పరుగు అక్కడే ఎక్కువ. ఆ తర్వాత ఫాలుట్ నుంచి గోర్ఖే ఊరికి అడవిలోంచి పదమూడు వందల మీటర్ల దిగుడు. వెదురు పొదలు, నాచు పట్టిన చెట్లు, వేర్లు. తడిగా ఉంటే జారిపడి మన పళ్లు రాలతాయి, నెమ్మదిగా దిగండి.

ఏప్రిల్, మే నెలల్లో కొండంతా రోడోడెండ్రాన్ పూలు, కానీ మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. శిఖరాలు కావాలంటే అక్టోబరు ఆఖరు, నవంబరు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా సింగలీలా నేషనల్ పార్క్ మూసేస్తారు. పార్కులోకి గైడ్ లేకుండా పంపరు. రెడ్ పాండాలు ఉన్న అడవి అది. నాకైతే కనబడలేదు, నేను చూసిన ఎర్ర తోక ఒక కుక్కది.

కోస్తా వాళ్లకు ఇంకో సౌలభ్యం: కన్యాకుమారి–దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, విశాఖపట్నం మీదుగా న్యూ జల్పాయ్‌గురి వెళుతుంది. విమానమైతే బాగ్‌డోగ్రా. అన్నీ కలిపి తొమ్మిది రోజుల లీవు పెడితే తీరిగ్గా అయిపోతుంది, విమానంలో వెళితే ఏడు.

అన్నపూర్ణ సర్క్యూట్: రకరకాల నేలలు చూడాలంటే

ఒకే యాత్రలో ఇన్ని రకాల కొండలు ఇంకెక్కడా చూడలేదు. బేసిసహర్ దగ్గర, ఎనిమిది వందల మీటర్లకు కాస్త అటూ ఇటూ, వరి మళ్లు, అరటి చెట్లు. మన ఏజెన్సీ ఊళ్లలాగే ఉంటుంది, తేడా ఏమీ అనిపించదు. అక్కడినుంచి మార్స్యాంది నది పక్కనే పైకి వెళ్తుంటే జలపాతాలు, ఇరుకు లోయలు, తర్వాత పైన్ అడవులు. పిసాంగ్ దగ్గర నున్నటి బండరాతి గోడ ఒకటి లోయ నుంచి ఆకాశం దాకా వంపు తిరిగి లేస్తుంది. చనిపోయినవాళ్ల ఆత్మలు దాన్ని ఎక్కి వెళతాయని అక్కడివాళ్ల నమ్మకం. పిసాంగ్ దాటాక చెట్లు పలచబడి, వాన రాని ఎండు నేల మొదలవుతుంది. మనాంగ్ పైన రాయి, మంచు తప్ప ఏమీ లేవు. థొరాంగ్ లా కనుమ దాటి అవతలికి దిగితే ముస్తాంగ్, ఎడారి. ఆ తర్వాత కాళీ గండకి లోయ, ఒక పక్క ధౌలగిరి, ఇంకో పక్క అన్నపూర్ణ, రెండూ ఎనిమిది వేలు దాటినవే. చివర్లో మార్ఫా ఆపిల్ తోటలు. "లా" అంటే టిబెటన్ భాషలో కనుమ అనే అర్థం. కాబట్టి థొరాంగ్ లా కనుమ అన్నప్పుడల్లా నేను అదే మాట రెండుసార్లు అంటున్నానన్నమాట.

మనవాళ్లకు ఇక్కడ ఇంకో ఆకర్షణ ఉంది. కనుమ అవతల మొదట తగిలే ఊరు ముక్తినాథ్. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, గుడి వెనక నూట ఎనిమిది ధారలు. జీపుల్లో, గుర్రాల మీద వచ్చే తెలుగు యాత్రికులు అక్కడ ఏ సీజన్‌లోనైనా కనిపిస్తారు. దుమ్ము కొట్టుకుపోయిన టీషర్టులతో, కర్రలతో కొండమీంచి దిగుతున్న మమ్మల్ని చూసి ఒక పెద్దావిడ "ఏ ఊరు నాయనా? అటువైపు కూడా గుడి ఉందా?" అని అడిగింది. లేదని చెబితే, "మరి ఎందుకు వెళ్లారు?" అంది. మా ఎనిమిది మందిలో ఎవరిదగ్గరా జవాబు లేదు.

రాత్రుల లెక్కకు వద్దాం. ఇప్పుడు చామే దాకా, ఆ పైన మనాంగ్ దాకా కూడా జీపులు వెళ్తున్నాయి. అందుకే మంచి ట్రిప్పులు కింది భాగం కొంత జీపులో దాటించి చామే దగ్గర పరుగు మొదలుపెడతాయి. దుమ్ము రోడ్డు మీద పరుగెత్తడం కంటే అదే నయం. చామే 2,670, ఎగువ పిసాంగ్ 3,300, మనాంగ్ 3,540. మనాంగ్‌లో రెండు రాత్రులు. తర్వాత యాక్ ఖర్కా 4,050, థొరాంగ్ ఫెదీ 4,450. అక్కడినుంచి తెల్లవారుజామున బయల్దేరి 5,416 మీటర్ల కనుమ దాటి ముక్తినాథ్, 3,760. ఇది సరైన షెడ్యూల్. ఎవరైనా జీపులో ఒక్క రోజులో మనాంగ్ చేర్చి మర్నాడు పరుగు పెట్టిస్తామంటే ఆ కాగితం అక్కడే మడిచేయండి.

ఇందులో ఉచ్చు ఎక్కడుందంటే, మనాంగ్ నుంచి ఫెదీ దాకా దూరం పదిహేను కిలోమీటర్ల పైచిలుకే. పరుగు అలవాటున్నవాళ్లకు అది ఒక పూట పని. యాక్ ఖర్కాలో పొద్దున పదింటికే చేరిపోతాం, కాళ్లు ఇంకా తాజాగా ఉంటాయి, ఎండ బాగుంటుంది. "ఇక్కడ కూర్చుని ఏం చేస్తాం, ఫెదీ వెళ్లిపోదాం" అని ఎవరో ఒకరు అంటారు. వెళితే ఒక్క రోజులో తొమ్మిది వందల మీటర్ల ఎత్తు పెరిగి నిద్రపోతారు. గైడ్ పనికొచ్చేది ఆ క్షణంలోనే. ఒక పుస్తకం, పేక దస్తా తీసుకెళ్లండి.

మనాంగ్‌లో సీజన్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల వైద్య కేంద్రం నడుస్తుంది. మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు మీద డాక్టర్లు మాట్లాడతారు, తప్పకుండా వెళ్లండి. ఆ విశ్రాంతి రోజున గంగాపూర్ణ సరస్సు పైనున్న గట్టు దాకా ఎక్కి దిగితే అలవాటూ అవుతుంది, ఫోటోలూ వస్తాయి.

వాతావరణం విషయంలో అతి నమ్మకం వద్దు. 2014 అక్టోబరులో, అంటే అందరూ మంచి సీజన్ అని చెప్పే నెలలోనే, హుద్‌హుద్ తుఫాను శేషం అక్కడ మంచు తుఫానుగా విరుచుకుపడి నలభై మందికి పైగా చనిపోయారు. విశాఖను తుడిచిపెట్టిన ఆ తుఫానే, రెండు రోజుల తర్వాత థొరాంగ్ లా మీద. బంగాళాఖాతంలో వాయుగుండం అంటే మనకు మామూలు వార్త. అక్టోబరులో అన్నపూర్ణకు వెళ్తున్నప్పుడు మాత్రం ఆ వార్త మన గురించే అనుకోవాలి. అందుకే షెడ్యూల్‌లో కనీసం ఒక ఖాళీ రోజు ఉండాలి, రెండుంటే మరీ మంచిది.

దిగుడు గురించి కూడా చెప్పాలి. కనుమ నుంచి ముక్తినాథ్‌కు పది కిలోమీటర్లలో పదహారు వందల మీటర్ల దిగుడు. ఊపిరి తిరిగొస్తుంటుంది, ఉత్సాహం ఆగదు, మోకాళ్ల పని పడుతుంది. మడమల నొప్పులు, తొడల బిగుతు అన్నీ అక్కడ మొదలై జొమ్సొమ్ దాకా వెంటాడతాయి. ఆ కింద లోయలో గాలి సంగతి వేరు: పొద్దున పదకొండు దాటితే కాళీ గండకి లోయలో కింది నుంచి పైకి ఈదురుగాలి మొదలవుతుంది, మీరు దిగేది దానికి ఎదురుగా. జొమ్సొమ్ నుంచి పొఖరాకు విమానాలు ఉదయం మాత్రమే ఎగరడానికి కారణం అదే. ముక్తినాథ్ నుంచి ఆరింటికే బయల్దేరితే కాగ్‌బెని మీదుగా హాయిగా పరుగెత్తవచ్చు. ఎనిమిదికి టిఫిన్ చేసి బయల్దేరిన రోజున మేము నోటినిండా ఇసుక తిన్నాం.

ఖర్చు, కాగితాలు: భారతీయులకు వీసా అక్కర్లేదు, విమానంలో వెళితే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం ప్రవేశ రుసుము విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలు, మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు 1,000. మన డబ్బులో 625. విదేశీ ట్రెక్కర్లకు లైసెన్సు ఉన్న గైడ్ తప్పనిసరి అని 2023 ఏప్రిల్ 1 నుంచి నేపాల్ నిబంధన పెట్టింది. తిండికి బెంగ లేదు: రెండు పూటలా దాల్‌భాత్, అంటే అన్నం, పప్పు, కూర, మారు వడ్డన ఉచితం. ఒక చిన్న సీసా ఆవకాయ పట్టుకెళ్లినవాడు ఆ గ్రూపులో రాజు.

దసరా సెలవులకు వెళదామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. నేపాల్‌లో దశైన్ కూడా అప్పుడే. పోర్టర్లు, డ్రైవర్లు ఇళ్లకు వెళ్లిపోతారు, బస్సులు కిటకిటలాడతాయి. దీపావళి తర్వాత బయల్దేరితే ఆ ఇబ్బంది ఉండదు, కాకపోతే చలి పెరుగుతుంది. ఇంటినుంచి ఇంటికి పదిహేను రోజులు లేనిదే ఈ యాత్ర పెట్టుకోవద్దు. పదకొండు రోజుల్లో చేయిస్తామనేవాళ్లున్నారు. వాళ్లు మింగేసేది మనాంగ్‌లో రెండో రాత్రినే.

మార్ఖా లోయ: వానాకాలంలోనే వెళ్లాలంటే

జూలై నుంచి సెప్టెంబరు దాకా మిగతా హిమాలయంలో చాలా భాగం వానలో తడుస్తుంటే, లడాఖ్ వాన నీడలో పొడిగా ఉంటుంది. ఎండాకాలం సెలవుల తర్వాత, దసరాకు ముందు లీవు దొరికేవాళ్లకు ఇదే దారి. చిల్లింగ్ దగ్గర జన్‌స్కార్ నది నుంచి మొదలై స్కియు, మార్ఖా, హంకర్ ఊళ్ల మీదుగా నిమాలింగ్ మైదానానికి ఎక్కి, 5,200 మీటర్లు దాటిన కొంగ్మారు లా మీదుగా శంగ్ సుమ్దో వైపు దిగుతారు. సుమారు 70 కి.మీ. ఊదా, ఇటుక, ఆకుపచ్చ రంగుల రాతి కొండలు. అడుగున ఒక్క నది, దాని పక్కన బార్లీ పొలాలు. హోమ్‌స్టేల్లో వంటింట్లోనే కూర్చోబెట్టి తిండి పెడతారు. నేల పరుగుకు బాగుంటుంది, ఎక్కుడు మెల్లగా ఉంటుంది. అన్నపూర్ణ కంటే ఇక్కడే పరుగు ఎక్కువ సాగుతుంది.

కానీ కష్టం మొదటి రోజునే ఉంది. ఢిల్లీలో విమానం ఎక్కి గంటన్నరలో 3,500 మీటర్ల లేహ్‌లో దిగుతారు. సందక్‌ఫులో మూడో రాత్రికి చేరే ఎత్తుకు ఇక్కడ టిఫిన్ వేళకే చేరుకుంటారు. నా కథ మొదట్లోనే చెప్పాను. లేహ్‌లో మూడు రాత్రులు తప్పనిసరి. మొదటి రెండు రోజులు పరుగు కాదు కదా, మెట్లు కూడా లెక్కపెట్టి ఎక్కండి. తర్వాత స్కియు 3,400, మార్ఖా 3,700, హంకర్ 4,000. ఇక్కడిదాకా బాగానే ఉంది. హంకర్ నుంచి నిమాలింగ్‌కు నేరుగా వెళితే నిద్ర ఎత్తు ఒక్కసారిగా 4,800కు దూకుతుంది. చాలా షెడ్యూళ్లలో ఇలాగే ఉంటుంది, ఎందుకంటే మధ్యలో ఊరు లేదు. ఉన్నది థాచుంగ్‌ట్సే అనే గుడారాల చోటు, 4,250 దగ్గర. అక్కడ ఒక రాత్రి వేయిస్తారా అని అడగండి. గుడారాలు మోయాలి కాబట్టి ఖర్చు పెరుగుతుందంటారు. పెట్టండి. ఈ యాత్రలో ఎక్కువ డబ్బు పెట్టదగిన చోటు అదొక్కటే.

ఇంకో రెండు చిక్కులు. నది దాటడం: వంతెనలు లేని చోట్ల పొద్దున మోకాలి లోతుండే నీరు, మంచు కరిగి సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. కాబట్టి పొద్దున్నే బయల్దేరే గైడే మంచి గైడ్. ఫోను: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయినా లోయలోకి దిగాక సిగ్నల్ ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పకపోతే నాలుగు రోజులు వాళ్లకు టెన్షన్.

మొత్తానికి ఇంతకు ముందు ఒకసారైనా మూడున్నర వేల మీటర్ల దగ్గర నిద్రపోయి, తమ ఒళ్లు ఎలా స్పందిస్తుందో తెలిసినవాళ్లకే మార్ఖా. తొలి యాత్రగా వద్దు. చూడటానికి సులువుగా, స్వదేశంలో, తక్కువ రోజుల్లో అయిపోయేలా కనిపిస్తుంది కాబట్టే చాలామంది దీనితో మొదలుపెడతారు. నేనూ అలాగే పెట్టాను.

రేసా, యాత్రా?

హిమాలయాల్లో రేసులూ ఉన్నాయి. సందక్‌ఫులో హిమాలయన్ 100 మైల్ స్టేజ్ రేస్ అయిదు రోజుల పరుగు. మొదటి రోజే మానేభంజాంగ్ నుంచి సందక్‌ఫు దాకా ఎక్కిస్తారు. లడాఖ్ మారథాన్‌లో భాగంగా సెప్టెంబరులో జరిగే ఖర్దుంగ్ లా ఛాలెంజ్ 72 కి.మీ. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దగ్గర మొదలయ్యే మారథాన్ ఏటా మే 29న. రేసులో ఛాతీ మీద నంబరు (బిబ్) ఉంటుంది, ఇంతలోపు చేరాలనే కటాఫ్ ఉంటుంది, తల నొప్పిగా ఉన్నా ఆగబుద్ధి కాదు. ఎత్తు కొత్తగా ఉన్నప్పుడు ఈ మూడూ కలిస్తే ప్రమాదం. ముందు యాత్ర, తర్వాత ఎప్పుడైనా రేసు. కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ గురించి కూడా అడుగుతుంటారు. అద్భుతమైన చోటే, కానీ అంతా గుడారాల యాత్ర, పరుగు వేగానికి సామాను, వంట అందుకోవడం కష్టం. అది నడిచి చూడండి.

డబ్బు కట్టే ముందు ఏం అడగాలి

ఊరికే "సేఫేనా?" అని అడిగితే అందరూ "హండ్రెడ్ పర్సెంట్" అంటారు. ప్రతి రాత్రీ ఏ ఊళ్లో, ఎంత ఎత్తులో పడుకుంటామో రాసి పంపమనండి. పంపడానికి తటపటాయిస్తే మీ జవాబు మీకు దొరికినట్టే. వెనకాల నడిచే గైడ్ ఉంటాడా అనేది రెండో ప్రశ్న. ఎనిమిది మంది రన్నర్లు ఒక గంటలో మూడు కిలోమీటర్ల మేర చెదిరిపోతారు. ఒక్క గైడ్ ఉంటే అతను ముందున్నవాళ్లతోనైనా ఉంటాడు, వెనకున్నవాళ్లతోనైనా ఉంటాడు. ట్రెక్కింగ్ గైడ్లు చాలామంది ఉన్నారు, మనతో పాటు పరుగెత్తగలిగిన గైడ్లు తక్కువ. ఆ గైడ్ ప్రథమ చికిత్స శిక్షణ తీసుకున్నాడా, ఆక్సిజన్ సిలిండర్, పల్స్ ఆక్సిమీటర్ మోస్తారా, సిగ్నల్ లేనిచోట కబురు ఎలా పంపుతారు అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. పోర్టర్‌కు ఎన్ని కిలోలు పెడతారు, అతనికి బీమా ఉందా అని అడగడం మన బాధ్యత. మీ బ్యాగు పన్నెండు కిలోలు దాటకుండా చూసుకోవడం కూడా.

బీమా పాలసీలో చిన్న అక్షరాలు చదవండి. ప్రయాణ బీమాలు చాలావరకు ఒక ఎత్తు దాటితే వర్తించవు; అయిదున్నర వేల మీటర్ల దాకా, హెలికాప్టర్‌తో సహా వర్తిస్తుందని స్పష్టంగా ఉండాలి. నేపాల్‌లో అవసరం లేకపోయినా హెలికాప్టర్ ఎక్కించి బీమా డబ్బు కాజేసే దందా బయటపడి 2018లో ప్రభుత్వమే విచారణ జరిపింది. కాబట్టి కాస్త తలనొప్పికే హెలికాప్టర్ అంటే ముందు కిందికి దించమనండి. నిజంగా ప్రమాదమైతే గుర్తులు వేరుగా ఉంటాయి: కూర్చున్నా తగ్గని ఆయాసం, దగ్గు, గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవలేక తూలిపోవడం. అప్పుడు రాత్రైనా, వానైనా ఆలస్యం చేయకుండా దిగాల్సిందే.

సాధన విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎత్తుకు అలవాటు పడటం హైదరాబాద్‌లో కుదరదు, కాళ్లను మాత్రం సిద్ధం చేసుకోవచ్చు. అనంతగిరి కొండల్లో వారాంతం రెండు రోజులూ వరుసగా మూడేసి గంటలు. తిరుపతి వైపు వాళ్లకు అలిపిరి మెట్లకు మించిన జిమ్ లేదు. 3,550 మెట్లు ఎక్కడం అందరూ చేస్తారు, మీరు నెమ్మదిగా దిగడం కూడా చేయండి. థొరాంగ్ లా దిగుడుకు తొడలు అక్కడే తయారవుతాయి. కర్రలు వాడటం ఇక్కడే నేర్చుకోండి, కొత్త బూట్లు అక్కడికి తీసుకెళ్లకండి.

అడగాల్సిన ఆఖరి ప్రశ్న: వెనక్కి తిప్పే నిర్ణయం ఎవరిది? "మీ ఇష్టం సార్, కస్టమర్ ఎలా అంటే అలా" అన్నవాడితో వెళ్లకండి. అన్నపూర్ణలో మా గ్రూపులో అందరికంటే వేగమైనవాడు, మూడున్నర గంటల మారథాన్ మనిషి, ఫెదీలో రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లవారుజామున మూడింటికి గైడ్ అతన్ని గీత మీద నడిపించి చూశాడు. రెండో అడుగుకే తూలాడు. ఎంత బతిమాలినా, తిట్టినా గైడ్ వినలేదు. ఒక మనిషిని, గుర్రాన్ని ఇచ్చి చీకట్లోనే మనాంగ్ దించేశాడు. మేము పొఖరా చేరేసరికి అతను అక్కడ లేక్‌సైడ్‌లో కూర్చుని టీ తాగుతున్నాడు, మొహం మాడ్చుకుని. రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఈ నవంబరులో మళ్లీ వెళ్తున్నాడు, అదే గైడ్‌తో. మనాంగ్‌లో మూడు రాత్రులు ఉండేలా ముందే రాయించుకున్నాడు.